గాదెకు కట్టిన వెల

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం పాత మిత్రుడొకడు మా ఇంటికి వచ్చాడు. 20 ఏళ్ల క్రితం హైదరాబాదులోని ఒక యానిమేషన్ స్టూడియోలో మేమిద్దరం పక్కపక్కనే లైట్ బాక్సుల ముందు కూర్చుని క్లీనప్ పని, అంటే ముతక గీతలను శుభ్రంగా తిరిగి గీసే పని, చేసినవాళ్లం. ఇప్పుడు అతనికి 9 మందితో నడిచే చిన్న స్టూడియో ఉంది. పగలంతా బయటివాళ్ల పని చేసిపెడుతూ, రాత్రిళ్లు మిగుల్చుకుని ఆరేళ్లుగా తమ సొంత పాత్ర ఒకదాన్ని తీర్చిదిద్దుకుంటూ వచ్చారు. ఆ పాత్ర ఒక ప్రసార సంస్థకు నచ్చింది. 52 ఎపిసోడ్లు తీయిస్తామని అంటున్నారు. అతను సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టిన ఒప్పందం ముసాయిదాలోని 11వ నిబంధన ప్రకారం, ఇంతవరకూ గీసిన బొమ్మలన్నిటి మీద, ఇకమీదట గీయబోయే బొమ్మలన్నిటి మీద, పాత్ర పేరు మీద, రూపం మీద సమస్త హక్కులూ శాశ్వతంగా ఆ సంస్థకే చెందుతాయి. "నువ్వు ఈ కంపెనీల చరిత్రలన్నీ చదువుతుంటావు కదా. సంతకం పెట్టమంటావా, మానమంటావా?" అని అడిగాడు.

ఆ రోజు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ కాగితం చదువుతున్నంతసేపూ నా మనసులో మెదిలింది అమెరికా కార్టూన్ స్టూడియో హన్నా–బార్బెరా. టెలివిజన్ కోసం పిల్లల బొమ్మలు గీసే వ్యాపారం ఎలా మొదలై, ఎలా పెరిగి, ఎన్ని చేతులు మారి, చివరకు ఎలా కరిగిపోతుందో తెలుసుకోవాలంటే ఆ ఒక్క స్టూడియో చరిత్ర చాలు. నేను పలుమార్లు చదివిన చరిత్రే అది. కానీ ఒక మిత్రుడి సంతకాన్ని దృష్టిలో పెట్టుకుని చదవడం ఇదే మొదటిసారి. అలా చదివాక నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. యానిమేషన్ స్టూడియో చేతులు మారిన ప్రతిసారీ కొనేవాళ్లు వెల కట్టేది ఇదివరకు గీసిపెట్టిన బొమ్మలకే గాని, బొమ్మలు గీసే బల్లలకు కాదు. గాదెను చూసి ధర నిర్ణయిస్తారు, చేను సంగతి ఎవరూ అడగరు. అందువల్ల గాదె తాళంచెవి ఎవరి దగ్గరుందన్న దాన్ని బట్టే చేను బతకడమో బీడు పడడమో జరుగుతుంది. ఈ మాటకు అడ్డొచ్చే సాక్ష్యాలు కూడా ఆ చరిత్రలోనే ఉన్నాయి కాబట్టి, వాటిని దాటవేయకుండా కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక ఫోను, ఒక లెక్క

విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా హాలీవుడ్ సినిమా సంస్థ ఎంజీఎంలో దాదాపు 20 ఏళ్లు కలిసి పనిచేశారు. కథ, బొమ్మలు బార్బెరావి. ఏ కదలిక ఎన్ని ఫ్రేముల పాటు ఉండాలో తేల్చే కాలగణన హన్నాది. టామ్ అండ్ జెర్రీ చిత్రాలకు 7 ఆస్కార్లు వచ్చాయి. 1955 తర్వాత ఆ కార్టూన్ విభాగానికి వాళ్లిద్దరే అధిపతులు. అటువంటి విభాగాన్ని మూసేసి అందరినీ ఇళ్లకు పంపించేయమని 1957లో ఒక ఫోను వచ్చింది. ఎంజీఎం పెద్దలు వేసుకున్న లెక్క చాలా సులువైనది. పాత కార్టూన్లనే మళ్లీ థియేటర్లకు పంపితే, కొత్తవి తీస్తే వచ్చే ఆదాయంలో సుమారు 90 శాతం వస్తుంది. అలాంటప్పుడు కొత్తవి తీయడం ఎందుకు?

ఈ లెక్కను నేను ఇంతకుముందు ఒక విశేషంగా మాత్రమే చదివి వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఆ స్టూడియో కథంతా ఇందులోనే ఉందనిపిస్తున్నది. వాళ్లిద్దరూ 20 ఏళ్లు నింపిన గాదె వాళ్లది కాదు. అది నిండిపోవడమే వాళ్ల ఉద్యోగాలకు ముప్పు అయింది. ఎంత బాగా గీశారో, అంత త్వరగా వాళ్ల అవసరం తీరిపోయింది.

ఆ ఏడాది జూలైలో సొంత సంస్థ పెట్టారు. ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. దర్శకుడు జార్జ్ సిడ్నీ భాగస్వామిగా చేరి, కొలంబియా వారి టెలివిజన్ శాఖ అయిన స్క్రీన్ జెమ్స్‌తో సంబంధం కుదిర్చాడు. స్క్రీన్ జెమ్స్‌కు సంస్థలో కొంత వాటా దక్కింది. డిసెంబరులో తొలి ధారావాహిక ఎన్‌బీసీ టెలివిజన్ నెట్‌వర్కులో మొదలైంది. ఎంజీఎంలో ఏడెనిమిది నిమిషాల చిత్రానికి 35,000 డాలర్లకు పైగా ఖర్చు పెట్టినవాళ్లు, ఇక్కడ 5 నిమిషాల కార్టూన్‌ను దాదాపు 3,000 డాలర్లలో పూర్తిచేయాల్సి వచ్చింది.

మెడకు టై ఎందుకు

అంత తక్కువ డబ్బుతో బొమ్మ కదలాలంటే కదలనక్కరలేని భాగాలన్నిటినీ ఆపేయాలి. వాళ్ల పాత్రలైన యోగి ఎలుగుబంటి మెడకు కాలరూ టై, ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ మెడకు టై ఉండడం వెనక ఉన్న కారణం అదే. మెడ దగ్గర ఒక గీత ఉంటే తలను ఒక సెల్ (పారదర్శకమైన షీటు) మీద, మొండేన్ని ఇంకో సెల్ మీద గీయవచ్చు. మాట్లాడేటప్పుడు తల ఒక్కటే మారుతుంది, మొండెం అలాగే ఉంటుంది. అతుకు కనబడదు.

ఈ సంగతి నేను పుస్తకంలో కాదు, మా సూపర్‌వైజర్ దగ్గర తెలుసుకున్నాను. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కళాశాల నుంచి వచ్చిన కొత్తలో నాకు ఆ రకం బొమ్మల మీద చిన్నచూపు ఉండేది. కండరం కండరం తెలిసేలా మనిషి బొమ్మ వేయడం నేర్చుకుని వచ్చి, కళ్లు మాత్రమే ఆర్పే పిల్లిని గీయమంటే అవమానంగా తోచింది. ఆయన ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చి, కాగితాలు కదలకుండా పట్టి ఉంచే పెగ్ బారు మీద రెండు కాగితాలు తగిలించి, ఒకదాని మీద మొండెం, మరొకదాని మీద తల గీసి, పై కాగితాన్ని మాత్రం నాలుగుసార్లు మార్చి చూపించారు. "వెయ్యి బొమ్మలు గీసేవాడు పనిమంతుడే బాబూ. ఏ నాలుగు బొమ్మలు చాలో తెలిసినవాడు అంతకన్నా పనిమంతుడు. నీకు ముందు ఈ నాలుగూ రావాలి" అన్నారు. ఆ తర్వాత ఆ పనిని నేను తక్కువగా చూడలేదు.

హన్నా–బార్బెరా మీద మొదటినుంచీ ఉన్న నింద ఇదే. వాళ్లు యానిమేషన్‌ను చౌకబార్చారని అంటారు. వార్నర్ బ్రదర్స్ కార్టూన్ల దర్శకుడు చక్ జోన్స్ ఈ రకం కార్టూన్లను బొమ్మలు జోడించిన రేడియో అన్నాడు. ఆ మాటలో సత్యం ఉంది. కళ్లు మూసుకుని విన్నా కథ అర్థమవుతుంది. కానీ ఆ విమర్శలో ఒక విషయం మరుగున పడింది. థియేటర్ కార్టూన్ల విభాగాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న రోజుల్లో, పని పోయిన యానిమేటర్లు ఎందరో మళ్లీ పెన్సిల్ పట్టుకున్నది ఈ స్టూడియోలోనే. 1960లో వాళ్ల హకిల్‌బెర్రీ హౌండ్‌కు టెలివిజన్ పురస్కారమైన ఎమ్మీ వచ్చింది. ఒక యానిమేషన్ ధారావాహికకు ఆ బహుమానం రావడం అదే మొదలు. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్లింట్‌స్టోన్స్ ఏబీసీ నెట్‌వర్కులో పెద్దలు చూసే రాత్రి వేళలో మొదలై, ఆరు సీజన్లలో 166 ఎపిసోడ్లు నడిచింది. తొలి రోజుల్లో సిగరెట్ కంపెనీ దానికి ప్రాయోజకురాలు కావడం, ఫ్రెడ్, బార్నీ చేత సిగరెట్లు కాల్పించి ప్రకటనలు తీయడం ఈనాడు చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. ఆ తప్పును నేను వెనకేసుకురాను. అయితే ఆ తొలి 10 ఏళ్లలో అక్కడ ఒక చేను ఉన్నదన్నది నిజం. ప్రతి ఏటా కొత్త విత్తనం వేశారు. కొన్ని మొలకెత్తలేదు. 1962లో మొదలైన జెట్సన్స్ 24 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది. 1964లో వచ్చిన జానీ క్వెస్ట్ 26తో ఆగిపోయింది. అయినా ఇంకొకటి వేశారు.

కోటీ ఇరవై లక్షల డాలర్లు

1966 చివర్లో సిన్సినాటికి చెందిన టాఫ్ట్ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థకు స్టూడియోను సుమారు కోటీ 20 లక్షల డాలర్లకు అమ్మేశారు. హన్నా, బార్బెరా అధిపతులుగానే కొనసాగారు గాని యజమానులు కారు. నా మిత్రుడి ముసాయిదాలోని 11వ నిబంధన చదివినప్పుడు నాకు మెదిలిన సంతకం ఇదే.

ఇది పొరపాటు సంతకమని తేల్చేయడం నాకు తేలిక. అప్పటికి ఫ్లింట్‌స్టోన్స్ రీరన్లు ఎన్ని దశాబ్దాలు డబ్బు తెస్తాయో ఎవరికీ తెలియదు. అదే గాదెకు 1991లో పలికిన ధర 32 కోట్ల డాలర్లు. ద్రవ్యోల్బణం ఎంత తీసేసినా ఆ తేడా చాలా పెద్దది. కానీ వాళ్ల వైపు నుంచి ఆలోచించకుండా ఈ మాట అనడం న్యాయం కాదు. ఇద్దరికీ అప్పుడు యాభై ఐదు, యాభై ఆరేళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఒక్క ఫోనుతో అంతా పోయిన అనుభవం ఉంది. నెట్‌వర్కుల ఆర్డర్లు ఏటా వసంతంలో వచ్చేవి. సెప్టెంబరు నాటికి ఎపిసోడ్లు ఇచ్చేయాలి. వేసవిలో వందలమందిని తీసుకుని, చలికాలంలో పంపించేయాల్సిన వృత్తి అది. ఏ ఏడాది ఆర్డరు రాకపోతే ఆ ఏడాది జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? వెనక డబ్బున్న ఒక సంస్థ ఉంటే బల్లలు ఖాళీ కాకుండా నిలబడతాయని వాళ్లు అనుకొని ఉంటే, ఆ ఆలోచన తప్పు కాదు. కొంతకాలం అది నిజమైంది కూడా.

నిజమైన ఆ కొంతకాలంలోనే చేను తీరు మారిపోయింది. 1960ల చివర్లో కార్టూన్లలో హింస మీద తల్లుల సంఘాలు అభ్యంతరం చెప్పడంతో, కొట్లాటలు లేని కథ కావాలని సీబీఎస్ నెట్‌వర్కు అడిగింది. 1969 సెప్టెంబరులో స్కూబీ–డూ వచ్చింది. రాసింది జో రూబీ, కెన్ స్పియర్స్. రూపం ఇచ్చింది ఇవావో తకమోటో. యుద్ధకాలంలో జపాను సంతతివాడన్న కారణంగా కుర్రతనంలో మాంజనార్ నిర్బంధ శిబిరంలో గడిపిన మనిషి ఆయన. ఆ భయపడే పెద్ద కుక్క నడకలో, మోకాళ్ల వంపులో, వాలిన గడ్డంలో ఎంత పనితనం ఉందో గీసి చూసినవాళ్లకే తెలుస్తుంది. తర్వాతి ఏళ్లలో ఆ స్టూడియో నుంచి వచ్చిన వాటిని వరుసగా చూస్తే, ముగ్గురో నలుగురో కుర్రకారూ ఒక విచిత్రమైన సహచరుడూ కలిసి మిస్టరీలు ఛేదించే కథే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకచోట దెయ్యం, ఒకచోట మాట్లాడే కారు, ఒకచోట సొరచేప. పోయినసారి పండిన గింజనే మళ్లీ వేయమని నెట్‌వర్కులు అడిగాయి. వేశారు. రూబీ, స్పియర్స్ 1977లో సొంత స్టూడియో పెట్టుకుని వెళ్లారు. 1981లో దాన్ని కూడా టాఫ్టే కొన్నది.

ఇక్కడ నా వాదానికి ఎదురుగా ఒక మాట చెప్పుకోవాలి. టాఫ్ట్ కొనకపోయినా ఇదే జరిగి ఉండేదేమో. శనివారం ఉదయాల ప్రసారానికి ఉన్నవి మూడే నెట్‌వర్కులు. ఆ మూడూ అడిగిందే గీయాలి. యజమాని ఎవరైనా బేరం అదే. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. సొంతదారు అయితే ఒక సీజన్ నష్టాన్ని భరించి ఇంకో రకం ప్రయత్నం చేసే అవకాశమైనా ఉంటుందని, లెక్కలు పైకి పంపాల్సిన శాఖాధిపతికి ఆ వెసులుబాటు ఉండదని మాత్రం చెప్పగలను.

తైపే నుంచి మా దాకా

గీసే పని విదేశాలకు పోవడం గురించి నేను రాయడం ఇబ్బందికరమైన విషయమే, ఎందుకంటే ఆ పని మీద బతికినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1970ల చివర్లో హన్నా–బార్బెరా తోడ్పాటుతో జేమ్స్ వాంగ్ తైపేలో ఒక స్టూడియో నెలకొల్పాడు. కథ, డిజైను, లేఅవుట్ లాస్ ఏంజిలిస్‌లోనే. క్లీనప్, ఇన్–బిట్వీన్ (ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు), రంగులు, చిత్రీకరణ తైపేలో. తర్వాత మనీలాలోనూ ఒక స్టూడియో వచ్చింది. పని ఇలా తరలిపోకూడదని లాస్ ఏంజిలిస్ యానిమేటర్ల యూనియన్ 1979లో సమ్మె చేసి ఒక రక్షణ నిబంధన సాధించుకుంది. 1982లో దాన్ని నిలుపుకోవడానికి మళ్లీ సమ్మె చేసింది. 10 వారాల తర్వాత ఓడిపోయింది.

నేను పనిలో చేరేనాటికి అలాంటి విదేశీ పని నింపిన పెట్టెలు హైదరాబాదుకు కూడా వస్తున్నాయి. పాత్రల రూపాలు చూపే మోడల్ షీట్లు, ఏ ఫ్రేములో ఏ బొమ్మో చెప్పే ఎక్స్–షీట్లు, లేఅవుట్లు ఉన్న ఆ అట్టపెట్టె తెరవగానే వేరే దేశపు కాగితం వాసన వచ్చేది. అందులో ఉన్న పిల్లవాడు తినే తిండి, ఆడే ఆట, ఎక్కే పసుపుపచ్చ బస్సు ఏదీ మేం చూసినవి కావు. అయినా వాడి బుగ్గ గీత ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే రీటేక్ వచ్చేది. మా బల్లల మీద నేర్చుకున్నది చాలా ఉంది. క్రమశిక్షణ, గీత శుభ్రత, గడువు. నేర్చుకోనిది కూడా ఒకటి ఉంది. ఆ పిల్లవాడు తర్వాతి కథలో ఏం చేయాలన్నది ఒక్కసారి కూడా ఎవరూ మమ్మల్ని అడగలేదు.

ఆ స్టూడియో మూతపడినప్పుడు లోపలి సామాను జాబితా నేను చూశాను. కంప్యూటర్లు, కుర్చీలు, ఏసీలు, జనరేటరు, లైట్ బాక్సులు. ఒక్కొక్కదాని పక్కన ఒక అంకె. మేం ఏళ్ల తరబడి గీసిన లక్షల బొమ్మల్లో ఒక్కటీ ఆ జాబితాలో లేదు, అవి మావి కావు కాబట్టి. మా 140 మంది నేర్చుకున్న పనితనం కూడా ఆ జాబితాలో లేదు, దానికి ధర లేదు కాబట్టి. లైట్ బాక్సులు తూకానికి పోయాయి. నా వాదంలో నాకు ఎక్కువ కష్టం కలిగించే సాక్ష్యం ఇదే. గాదె ఉన్న హన్నా–బార్బెరాను కొనడానికి నలుగురు ముందుకొచ్చారు. గాదె లేని మా స్టూడియో వైపు ఎవరూ తొంగిచూడలేదు. కనుక గాదెను శత్రువుగా చూడడం సరికాదు. అది లేకపోతే చేను ఒక్క కరువుకే పోతుంది.

32 కోట్లకు కొన్నది ఏమిటి

1987లో టాఫ్ట్ సిన్సినాటి వ్యాపారి కార్ల్ లిండ్నర్ చేతికి వెళ్లి గ్రేట్ అమెరికన్‌గా పేరు మార్చుకుంది. మీద అప్పులు పెరిగాయి. స్టూడియోలోని కొందరు రచయితలు, కళాకారులు 1989లో వార్నర్ బ్రదర్స్‌కు వెళ్లిపోయి అక్కడ కొత్త యానిమేషన్ విభాగానికి ప్రాణం పోశారు. 1991లో టెలివిజన్ చానళ్ల యజమాని టెడ్ టర్నర్ సంస్థ, ఒక పెట్టుబడి భాగస్వామితో కలిసి, 32 కోట్ల డాలర్లకు హన్నా–బార్బెరాను కొన్నది. టర్నర్‌కు కావలసింది గాదె. 24 గంటలూ కార్టూన్లు వేసే చానల్ పెట్టాలన్నది ఆయన ఆలోచన. ఎంజీఎం పాత చిత్రాల భాండాగారం 1986 నుంచే ఆయన దగ్గరుంది. అందులో టామ్ అండ్ జెర్రీ కూడా ఉంది. అంటే 1957లో ఏ బొమ్మల లెక్క కారణంగా వాళ్లిద్దరూ వీధిన పడ్డారో ఆ బొమ్మలు, ఆ తర్వాత వాళ్లు సొంతంగా గీయించిన బొమ్మలు ఒకే చోటికి చేరాయి. 1992 అక్టోబరు 1న కార్టూన్ నెట్‌వర్క్ మొదలైంది. 1995లో మన దేశానికి వచ్చింది. పగలు కార్టూన్లు, చీకటి పడ్డాక అదే చానల్లో టర్నర్ వారి మరో చానలైన టీఎన్‌టీ పాత ఇంగ్లిషు సినిమాలు. ఆ మారే క్షణంలో మా ఇంట్లో పిల్లలంతా ఒక్కసారి ఉసూరుమనేవాళ్లు.

ఇక్కడిదాకా చెప్పింది నా వాదానికి సరిగ్గా సరిపోతుంది. గాదె కోసం కొన్నారు, గాదెను వాడుకున్నారు. కానీ తర్వాత జరిగింది సరిపోదు. 1992లో స్టూడియో పగ్గాలు ఫ్రెడ్ సీబర్ట్ చేతికి వచ్చాయి. ఆయన యానిమేషన్ గీసే మనిషి కాదు, చానళ్ల ప్రచారంలో పేరు తెచ్చుకున్నవాడు. ఆయన ఒక పాత పద్ధతిని వెనక్కి తెచ్చాడు. ధారావాహికలకు ముందే లక్షలు పోయకుండా, కళాకారులకు ఒక్కొక్క ఏడు నిమిషాల లఘుచిత్రం ఇచ్చి, ఎవరి బొమ్మను వాళ్లే స్టోరీబోర్డు మీద చెప్పమన్నాడు. అలా 48 లఘుచిత్రాలు వచ్చాయి. 1995 నుంచి ప్రసారమయ్యాయి. గెండీ టార్టకోవ్‌స్కీ, క్రెయిగ్ మెక్‌క్రాకెన్ వంటి ఇరవైల్లోని కుర్రవాళ్లు అక్కడ కూర్చుని గీశారు. డెక్స్‌టర్స్ ల్యాబొరేటరీ, జానీ బ్రావో, కౌ అండ్ చికెన్, పవర్‌పఫ్ గర్ల్స్ అన్నీ ఆ లఘుచిత్రాల నుంచి పుట్టినవే. ఆ వరుసలో ఒకటి హన్నా స్వయంగా చేశాడు. ఆయనకు అప్పుడు ఎనభై నాలుగేళ్లు. 30 ఏళ్ల కిందట యాజమాన్యం వదులుకున్న మనిషికి, ఆ స్టూడియోలోనే, ఇరవైల్లోని కుర్రవాళ్లతో సమానంగా ఒక లఘుచిత్రం దొరికింది. ఈ వివరం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

కాబట్టి కంపెనీలు కొంటే చేను ఎండిపోతుందని గంపగుత్తగా అనడం అబద్ధం. గాదె కోసం కొన్న యజమానే చేనుకు నీళ్లు పెట్టాడు. ఎందుకు పెట్టాడు? రోజంతా నడిచే చానల్‌కు పాత బొమ్మలు మాత్రమే చాలవని తేలింది కనుక. చానల్‌కు తనదంటూ ఒక ముఖం కావలసి వచ్చింది. అవసరం ఉన్నంతకాలం పెట్టాడు. దీన్ని నేను మంచితనం అనలేను, చెడ్డతనమూ అనలేను. ఆ నిర్ణయం ఏ రోజూ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లది కాదన్నదే నా బాధ.

1996లో టర్నర్ సంస్థ టైమ్ వార్నర్‌లో కలిసింది. వార్నర్‌కు తన యానిమేషన్ విభాగం తనకుంది. ఒకే యజమాని కింద రెండు స్టూడియోలెందుకన్న ప్రశ్న రాక తప్పలేదు. 1963 నుంచి హన్నా–బార్బెరా ఉన్న, లాస్ ఏంజిలిస్ కాహ్వెంగా వీధిలోని భవనాన్ని 1998లో వదిలి, స్టూడియోను వార్నర్ యానిమేషన్ ఉన్న చోటికి తరలించారు. 2001 మార్చిలో హన్నా చనిపోయాడు. ఆ ఏడాదే హన్నా–బార్బెరా స్టూడియో వార్నర్ బ్రదర్స్ యానిమేషన్‌లో కలిసిపోయింది. పేరు మాత్రం పాత బొమ్మల మీద హక్కుల ముద్రగా మిగిలింది. కొత్త తరం పిల్లల ధారావాహికలు కార్టూన్ నెట్‌వర్క్ స్టూడియోస్ పేరుతో లాస్ ఏంజిలిస్ దగ్గరి బర్బాంక్‌లో వేరే చోట సాగాయి. కనుక బల్ల పోలేదు, జరిగిందంతే అని ఒకరు వాదించవచ్చు. చాలా ఏళ్లు నేనూ అలాగే సమాధానపడ్డాను. 2022లో ఆ స్టూడియో జట్లను కూడా వార్నర్ యానిమేషన్ జట్లతో కలిపేశారు. 2023లో బర్బాంక్ భవనమూ ఖాళీ అయింది. ఆ 2022లోనే, దాదాపు పూర్తయిన ఒక స్కూబీ–డూ చిత్రాన్ని విడుదల చేయకుండా పన్ను లెక్కల్లో నష్టంగా రాసుకున్నారు. అందులో గీతలు గీసినవాళ్లు ఆ వార్త విని ఏం చేసి ఉంటారని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పాత స్కూబీ మాత్రం ఏదో ఒక చానల్లో వస్తూనే ఉంది. 1957 నాటి లెక్కకు ఇప్పటికీ కాలం చెల్లలేదు.

తాళంచెవి

హైదరాబాదులోనే ఇంకో దారి కళ్లెదుట ఉంది. గ్రీన్ గోల్డ్ సంస్థ ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లో మొదలైంది. అప్పట్లో పోగో టర్నర్ వారి చానలే. అంటే హన్నా–బార్బెరా గాదెతో మొదలైన ఆ వ్యాపారపు కొమ్మ మీదనే మన ఊరి బొమ్మ వాలింది. కానీ పాత్ర హక్కులను ఆ సంస్థ తన దగ్గరే ఉంచుకుంది. అందుకే ఆ పిల్లవాడు చొక్కాల మీదికి, పుస్తకాల మీదికి, సినిమాల్లోకి, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వెళ్లగలిగాడు. ఆ బొమ్మల నాణ్యత గురించి నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి, వాటికి ఇది చోటు కాదు. తాళంచెవి గీసినవాళ్ల ఇంట్లో ఉంటే ఏమవుతుందో చూపడానికి మాత్రం ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకదు.

పోయిన ఆదివారం నేనే మిత్రుడి స్టూడియోకు వెళ్లి ఇదంతా చెప్పాను. ప్రసార హక్కులు పదేళ్లకు ఇవ్వమని, పాత్రను మాత్రం వదలవద్దని, వాళ్లు ఒప్పుకోకపోతే కనీసం ఇంత కాలం కొత్త ఎపిసోడ్లు తీయకపోతే హక్కులు వెనక్కి వచ్చేలా ఒక నిబంధన అడగమని అన్నాను. అతను శ్రద్ధగా విన్నాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, "అన్నీ నిజమేరా. కానీ మా పిల్లలకు రెండు నెలల జీతం ఇవ్వాలి. ఆ పదకొండో నిబంధన తీసేయమంటే అడ్వాన్సు మూడో వంతుకు దిగుతుంది. అది ఆ రెండు నెలలకే సరిపోతుంది. మూడో నెల నుంచి ఏం చేయమంటావు?" అన్నాడు.

తలుపు అవతల, కిటికీ పక్క బల్ల దగ్గర, డిగ్రీ పూర్తికాని ఒక అమ్మాయి టాబ్లెట్ మీద వంగి ఆ పాత్ర కనురెప్పలు గీస్తున్నది. మెడ దగ్గర దానికొక కండువా ఉంది. తల వేరే లేయరు, మొండెం వేరే లేయరు. కండువా ఎవరి ఆలోచన అని అడిగితే తనదేనని చెప్పింది. అది ఎందుకు పనికొస్తుందో తనకు ఎవరూ చెప్పలేదట, గీస్తుంటే తోచిందట.

మేమిద్దరం కాసేపు ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాం. జవాబివ్వడానికి అతనికి ఈ నెలాఖరు వరకు గడువుంది. మూడో నెల జీతాల కోసం నా దగ్గరున్నంత సర్దుతానని, పాత స్నేహితులను మరో నలుగురిని అడుగుతానని చెప్పి వచ్చాను. ఇద్దరు సరేనన్నారు. ఇంకా ఇద్దరికి ఫోను చేయాలి.